అటక మీది తుపాకీ గురించి

విజయనగరం
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్లో నువ్వు గంటసేపు అడిగావు, నేను గంటసేపు చెప్పాను, కానీ మీ జీడితోటలో సిగ్నల్ సంగతి తెలిసిందే కదా, సగం మాటలు గాలికే పోయాయి. వేరే విషయమైతే సగం విన్నా ఫరవాలేదు. తుపాకీ సంగతిలో సగం విని సగం ఊహించుకుంటే కొంప మునుగుతుంది. అందుకే కాగితం ముందేసుకుని కూర్చున్నాను. మీ చెల్లెమ్మ ఏమో "ప్రేమలేఖలు రాసే వయసులో రాయలేదు, ఇప్పుడు ఎవరికి ఇన్ని పేజీలు" అని వంటింట్లోంచి సాధిస్తోంది.

ముందు అసలు సంగతి. మావయ్య పోయింది కార్తీకంలో. ఇప్పుడు మాఘం. ఇన్నాళ్లూ ఆ డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల) తుపాకీ మీ అటక మీదే గోనెసంచిలో ఉందని నువ్వు ఎంత మామూలుగా చెప్పావురా! లైసెన్సు మావయ్య పేరున ఉంది, ఇంటి పేరున కాదు. ఆయన పోయిన రోజుతో ఆ పుస్తకం పని అయిపోయింది. ఆయుధాల చట్టం (1959) 21వ సెక్షన్ ప్రకారం అలాంటి తుపాకీని ఆలస్యం లేకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్లో గానీ, లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. నీ ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ ఈ రోజున కాగితం మీద నువ్వు లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకున్న మనిషివి.

కాబట్టి రేపు పొద్దున్నే స్టేషన్‌కి ఉత్త చేతులతో వెళ్లు. మావయ్య లైసెన్సు పుస్తకం, మరణ ధృవపత్రం పట్టుకెళ్లి ఉన్నదున్నట్టు చెప్పు. తుపాకీని ఎలా తెమ్మంటారో, వాళ్లే వచ్చి తీసుకెళ్తారో అడుగు. బండి మీద గోనెసంచి అడ్డంగా పెట్టుకుని కాశీబుగ్గ బజారులోంచి పోయే పని మాత్రం పెట్టుకోకు. తూటాలు కూడా లెక్కపెట్టి అప్పజెప్పాలి. లోపల తూటా ఉందో లేదో తెలియదన్నావు కదా, అయితే ఉన్నట్టే. విప్పి చూడబోకు, ఆ మాట కూడా వాళ్లకే చెప్పు.

రసీదు లేకుండా రాకు. అందులో తుపాకీ నంబరు, కంపెనీ పేరు, బోర్ (గొట్టం లావు), ఏ స్థితిలో ఇచ్చావో అన్నీ ఉండాలి. నేను బ్యాంకు గన్‌మన్‌గా చేరకముందు ఒక ఎన్నికలప్పుడు నా తుపాకీ డిపాజిట్ చేస్తే, తిరిగొచ్చేసరికి బట్ మీద జానెడు గీత, గొట్టం మీద తుప్పు. ఎవరిని అడగను? రసీదులో "ఒక తుపాకీ" అని మాత్రమే ఉంది.

తర్వాత నీ పేరున లైసెన్సు. వారసులకు ఇచ్చే ఏర్పాటు 2016 ఆయుధాల నిబంధనల్లో ఉంది. నిజానికి మావయ్యకి డెబ్బై నిండినప్పుడే నిన్ను వారసుడిగా చూపించి మార్పించి ఉండొచ్చు, తుపాకీ పాతికేళ్లు దగ్గరుంచుకున్నవాళ్లకి కూడా ఆ వీలుంది. చెప్పాను కూడా ఒకసారి, ఆయన "నేను బతికుండగా నా తుపాకీ వాడికెందుకు" అన్నారు. సరే, అది అయిపోయింది. ఇప్పుడు ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టాలి, కలెక్టర్ ఆఫీసు చూస్తుంది, పోలీసు విచారణ ఉంటుంది. ఆయుధం, తూటాల భద్రతపై శిక్షణ తీసుకున్నట్టు ఎస్-1 ఫారం సర్టిఫికెట్ కావాలి, ఇంట్లో ఎక్కడ ఎలా దాస్తావో కూడా చెప్పాలి. మావయ్య పుస్తకం మీద యూఐఎన్ అనే ప్రత్యేక గుర్తింపు నంబరు వేసి ఉందో లేదో చూడు, అది లేని లైసెన్సు చెల్లదు, ఆ చిక్కు ఏమైనా ఉంటే ముందే తెలుస్తుంది. 2019 సవరణ తర్వాత లైసెన్సు ఐదేళ్లకి ఇస్తున్నారు, మనిషికి రెండు తుపాకులకి మించి ఉండకూడదు. నీకున్నదే ఒకటి కాబట్టి ఆ బెంగ లేదు.

కానీ నిజం చెప్పు, నీకు తుపాకీ ఎందుకు? నాన్న గుర్తు అంటే ఒప్పుకుంటాను. ఎలుగుబంట్ల కోసం అంటే మాత్రం ఒప్పుకోను. 2022 జూన్‌లో మీ వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు మనుషుల మీద పడ్డప్పటి నుంచి ఉద్దానం అంతా భయంగానే ఉందని నాకు తెలుసు. అయినా దాన్ని కాల్చడం వన్యప్రాణి చట్టం కింద పెద్ద నేరం. ప్రాణం మీదికొచ్చి, ఆత్మరక్షణకి చేస్తే వేరే సంగతి, అదైనా తర్వాత రుజువు చేసుకుంటూ తిరగాలి. పైగా పిట్టల తూటాతో ఎలుగుని కొడితే అది చావదు, గాయంతో తిరగబడుతుంది. జీడిపళ్ల వాసన, పనస వాసన ఉన్నన్నాళ్లూ అవి వస్తాయి. చీకటితో ఒంటరిగా తోటకి పోకు, నలుగురు కలిసి చప్పుడు చేసుకుంటూ వెళ్లండి, టార్చిలైటు పట్టుకో. తుపాకీ కంటే ఇదే ఎక్కువ పనిచేస్తుంది.

ఇప్పుడు నువ్వు ఆ అమెరికా వీడియోలు చూసి అడిగిన తూటాలు నింపుకోవడం. "ఖాళీ డొప్పలు పది పదిహేను ఉన్నాయి, మందు కొంచెం, పెల్లెట్లు కొంచెం వేసి మూసేస్తే అయిపోతుంది కదా" అన్నావు. కాదురా బావా. అక్కడ వాళ్లకి ఆ మందు కొట్లో దొరుకుతుంది, ఏ డొప్పకి ఏ ప్రైమర్ (మందుకి నిప్పు అంటించే బిళ్ల), ఏ మందు, ఎంత తూకం అని అచ్చేసిన పుస్తకాలుంటాయి, తూచే మిషన్లుంటాయి, చట్టం ఒప్పుకుంటుంది. మన దగ్గర నీకు రాబోయే లైసెన్సు ఉంచుకోవడానికే, తయారు చేయడానికి కాదు. లైసెన్సు లేకుండా తూటా తయారీ అంటే ఏడేళ్లకి తగ్గకుండా యావజ్జీవం దాకా ఉంది. మందు విడిగా దాస్తే పేలుడు పదార్థాల చట్టం కూడా మీదకి రావచ్చు. మా ఊరి చెరువు గట్టున పందులకి మందుగుండు కూరుతూ వేళ్లు పోగొట్టుకున్నవాడిని చిన్నప్పుడు ఇద్దరం చూశాం, గుర్తుందా, చుట్ట కూడా ఇంకొకడు వెలిగించి పెట్టాలి.

చట్టం పక్కనపెట్టి చూసినా కుదరదు. ట్వెల్వ్ బోర్ తూటా పేలినప్పుడు లోపల ఒత్తిడి చదరపు అంగుళానికి పదకొండున్నర వేల పౌండ్ల దాకా పోవచ్చు. నీ కారు టైరులో ముప్ఫై మూడో ముప్ఫై అయిదో కొట్టిస్తావు. అంటే మూడొందల రెట్ల పైమాట, అదీ నీ చెంపకి జానెడు దూరంలో. మందుల్లో కొన్ని తొందరగా మండుతాయి, కొన్ని నిదానంగా. చూడ్డానికి రెండూ మిరియప్పొడిలాగే ఉంటాయి. నీకు మందు దొరికినా అది ఏ మందో చెప్పేవాడు లేడు. తక్కువ పడితే పెల్లెట్లో, అట్టబిళ్లో గొట్టం మధ్యలో ఇరుక్కుంటాయి, 'పుస్' మంటుంది, నువ్వు రెండోది కాలుస్తావు, అప్పుడు గొట్టం చీలుతుంది. సైన్యంలో ఇరవై రెండేళ్లు చేశాను, నా చేత్తో ఒక్క తూటా నింపలేదు. తూటా కావాలంటే లైసెన్సు చూపించి డీలర్ దగ్గర కొనుక్కో, ఖడ్కీ ఫ్యాక్టరీ శక్తిమాన్ తూటాలు ఉంటాయి. ఒకసారికి ఎన్ని, ఏడాదికి ఎన్ని కొనవచ్చో లైసెన్సు మీదే ఉంటుంది.

మావయ్య దగ్గరున్న పాత తూటాల సంగతి కూడా అదే. అట్ట డొప్పలవి అన్నావు. ఉద్దానం గాలికి అట్ట ఉబ్బుతుంది, ఇత్తడి అడుగు పచ్చబడుతుంది. అవి కాల్చడానికి పనికిరావు, పొయ్యిలో వేయడానికీ నూతిలో పారేయడానికీ అంతకంటే పనికిరావు. స్టేషన్లో ఇచ్చేయ్.

తుపాకీ తిరిగి నీ చేతికొచ్చాక కాల్చే ముందు తుపాకీలు బాగుచేసే లైసెన్సు ఉన్న మనిషికి చూపించు. మావయ్యది ఆయన నాన్నగారి కాలంది కదా, పాత ఇంగ్లీషు తుపాకులు కొన్నింట్లో తూటా కూర్చునే ఛాంబర్ రెండున్నర అంగుళాలే, అంటే 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు దొరికేవి చాలావరకు 70 మిల్లీమీటర్లవి. విచిత్రం ఏమిటంటే అవి అందులో చక్కగా దూరతాయి, ఎందుకంటే మూతి మడత పెట్టి ఉంటుంది. పేలాక ఆ మడత విప్పుకోడానికి చోటు చాలదు, ఒత్తిడి పెరిగిపోతుంది. "దూరింది కాబట్టి సరిపోయింది" అనే లెక్క తుపాకీకి పనికిరాదు. ఇంకొకటి, ఇరవై బోర్ తూటా ట్వెల్వ్ బోర్లో పడితే జారి ముందుకి పోయి ఇరుక్కుంటుంది, కంటికి ఛాంబర్ ఖాళీగా కనిపిస్తుంది, దాని వెనక ఇంకోటి పెట్టావా, అంతే. అందుకే ఇరవై బోర్ తూటాలు పసుపు రంగులో చేస్తారు. రెండు రకాలూ ఒకే సంచిలో ఉన్న ఇల్లు నేను చూశాను.

బ్యాంకు రోజుల్లో నాకు జరిగింది చెప్పలేదు కదా నీకు. పెళ్లికని పది రోజులు సెలవు పెట్టి వచ్చి, డ్యూటీకి ముందు అలవాటుగా తుపాకీ విరిచి (మధ్యలో మడిచి తెరిచి) వెలుతురుకి పెట్టి చూస్తే కుడి గొట్టం చీకటి. పుల్‌త్రూ (గొట్టం తుడిచే తాడు) దూర్చితే మట్టి రాలింది. కందిరీగ గూడు! పది రోజుల్లో కట్టేసింది. అప్పటి నుంచి రోజూ గొట్టంలోంచి ఆకాశం చూడకుండా తుపాకీ మూయను. చూసేటప్పుడు ఖాళీ అని రెండుసార్లు నిర్ధారించుకుని, వెనక వైపు నుంచి చూడాలి, మూతి వైపు నుంచి కాదు.

దాచడం గురించి. మీ ఇల్లు సముద్రానికి ఎంత దూరం, మూడు మైళ్లు ఉంటుందా? ఆ ఉప్పుగాలికి కిటికీ ఊచలే నిలవవు, తుపాకీ నిలుస్తుందా! 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పెంకులు ఎగిరిపోయి అటక తడిసిందన్నావు, ఆ గోధుమ మచ్చలు అప్పటివే అయ్యుంటాయి. గోనెసంచి చెమ్మ పీలుస్తుంది. తోలు కేసు ఇంకా అన్యాయం, అందంగా ఉంటుంది, చెమ్మని లోపలే పట్టి ఉంచుతుంది. నేనూ ఆ తప్పు చేశాను, ఒక వానాకాలం అంతా తోలు కేసులో ఉంచితే దసరాకి తీసేసరికి చేతికి తుప్పు అంటింది. కేసు మోసుకెళ్లడానికే, దాచడానికి కాదు.

గోడకి బోల్టులతో బిగించిన ఇనుప బీరువా చేయించు, దానికి మంచి తాళం. ఊరు తిరిగేవాళ్లకి కనపడే ముందు గదిలో కాదు, అలాగని చెమ్మ గోడకి ఆనించీ కాదు. డబుల్ బ్యారెల్‌ని మూడు ముక్కలుగా విప్పొచ్చు కాబట్టి గొట్టం ఒకచోట, బట్ ఒకచోట పెడితే దొంగకి రెండూ దొరకడం కష్టం. తూటాలు వేరే పెట్టె, వేరే తాళం. తాళంచెవి దేవుడి గూట్లో పెట్టకు, ప్రతి ఇంట్లో పిల్లలకి మొదట తెలిసే చోటు అదే. మీ మనవడు అటక ఎక్కే వయసుకి వచ్చాడు, అది గుర్తుపెట్టుకో.

బీరువాలో సిలికా జెల్ సంచులు వేసి, తడి పీల్చినప్పుడల్లా మార్చు. తుపాకీని మూతి కిందికి ఉండేలా నిలబెడితే నూనె బట్ కర్రలోకి దిగదు, లేకపోతే ఏళ్లకి కర్ర మెత్తబడుతుంది. నూనె అంటే తుపాకీ నూనె, పల్చగా. మావయ్య కొబ్బరినూనె రాసేవారు, నేను ఆయన ముందు నోరు మెదపలేదు గానీ అది చలికాలంలో పేరుకుంటుంది, జిగురవుతుంది. కాల్చినా కాల్చకపోయినా పొడి చిందీ (గుడ్డపీలిక) ఒకసారి, నూనె చిందీ ఒకసారి గొట్టంలో లాగి, పైన చేతిముద్రలు తుడిచి పెట్టు. వేళ్ల చెమట చాలు తుప్పుకి. నీ దగ్గరైతే నెలకోసారి, వానల్లో వారానికోసారి. ఈ పని విసుగనిపిస్తే తుపాకీ వద్దు, డీలర్‌కి అమ్మేయడం మేలు. నేను నిష్ఠూరంగా అనడం లేదు.

ఇంకేముంది... పెళ్లిళ్లలో పైకి కాల్చమని మీ బామ్మర్దులు అడుగుతారు, రెండేళ్ల దాకా జైలు గానీ, లక్ష దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చని చెప్పు, అప్పుడైనా ఆపుతారేమో. ఎన్నికలొస్తే డిపాజిట్ చేయమంటారు, తుప్పు పట్టకుండా దళసరిగా నూనె రాసి, ఫొటో తీసుకుని ఇవ్వు. గురి నేర్చుకోవాలని మరీ ఉబలాటంగా ఉంటే .177 అంగుళాల ఎయిర్‌గన్ కొనుక్కో, దాని శక్తి ఇరవై జౌల్స్ దాటకపోతే లైసెన్సు అక్కర్లేదు, కొబ్బరి డొప్పల్ని కొట్టుకో, పిట్టల్ని కాదు.

మంగళవారం పలాస ప్యాసింజరులో వస్తాను, స్టేషన్‌కి వెళ్లాల్సి వస్తే ఇద్దరం కలిసే వెళ్దాం. రేపు మాత్రం నువ్వు వెళ్లి చెప్పి రా. అత్తయ్యకి దండాలని చెప్పు. పోయినసారి ఇచ్చిన జీడిపప్పులో సగం గుండు, సగం బద్ద, ఈసారి నేనే ఏరుకుంటాను. అప్పటిదాకా అటక నిచ్చెన తీసి పెరట్లో పడేయ్.

నీ
బావ