గిటార్ మీద దొంగ పేరు

సంపాదకుడు గారికి,

నేను విశాఖలో పిల్లలకు గిటార్ నేర్పుతాను, రిపేర్లు కూడా చేస్తుంటాను. మొన్న నా దగ్గర నేర్చుకునే కుర్రాడొకడు సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫెండర్ స్ట్రాటోకాస్టర్ (ఫెండర్ అనే పేరున్న అమెరికా కంపెనీ ఎలక్ట్రిక్ గిటార్) తెచ్చాడు. ఆటో నడిపే వాళ్ల నాన్న 42 వేలు పోసి కొనిపెట్టారు. స్ట్రింగ్స్ మారుస్తుంటే హెడ్‌స్టాక్ (స్ట్రింగ్స్ బిగించే గిటార్ తల భాగం) మీది ఫెండర్ లోగో అంచు నా గోటికి తగిలి లేచింది. దాని కింద గరుకు కాగితంతో అరగదీసిన ఇంకో కంపెనీ పేరు, సగం అక్షరాలు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆరా తీస్తే అమ్మినతనూ మోసపోయినవాడే. మొదట ఆ లోగో అంటించిన మనిషి సరదాకే అంటించుకున్నాడు, అమ్మేటప్పుడు ఉన్నమాట చెప్పే అమ్మాడు. రెండో చేతిలో ఆ మాట సగమైంది, మూడో చేతికొచ్చేసరికి మాయమైంది. లోగో మాత్రం అలాగే ఉంది. వేరే గిటార్ మీద పెద్ద కంపెనీ లోగో అంటించుకుని "నా గిటార్ నా ఇష్టం, నేనేం అమ్ముకోవడం లేదుగా" అనే మిత్రులు ఈ సంగతి ఆలోచించాలి. గిటార్‌కు ఆయుష్షు ఎక్కువ, చేతులు మారుతూనే ఉంటుంది. మీ మాట దానివెంట వెళ్లదు.

పేరు కాకుండా ఆకారం మాత్రమే అనుకరించే సంగతి వేరు. స్ట్రాటోకాస్టర్ 1954లో వచ్చింది. ఆ బాడీ ఆకారాన్ని ఫెండర్ తన పేరిట రిజిస్టర్ చేయించుకోబోతే 2009లో అమెరికా ట్రేడ్‌మార్క్ బోర్డు ఒప్పుకోలేదు. అలాంటివి ఎవరు చేసుకున్నా నాకు అభ్యంతరం లేదు, నేనూ రెండు చేశాను. పేరు అలా కాదు. మన 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం ప్రకారం మోసం చేసే ఉద్దేశంతో దొంగ గుర్తు వేస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా.

నన్ను ఎక్కువ బాధపెట్టింది అరిగిపోయిన ఆ పేరు. ఆ గిటార్ నిజానికి మంచిదే. నెక్ వంకర లేదు, ఫ్రెట్లు చక్కగా కూర్చున్నాయి. దాన్ని చేసినవాళ్లకు దక్కాల్సిన పేరు గీకేసి ఇంకొకరికి కట్టబెట్టారు. గొల్లపల్లిలో పనస దుంగ తొలిచి బొబ్బిలి వీణ చేసేవాళ్లకు ఇలా జరిగితే మనం ఊరుకుంటామా?

సెకండ్ హ్యాండ్ గిటార్లు అమ్మే షాపులవాళ్లు, లోగో తర్వాత అంటించిందైతే ఆ మాట బిల్లు మీదే రాసివ్వాలి. లోగో స్టిక్కర్లు ముద్రించేవాళ్లు కంపెనీ అనుమతి కాగితం లేకుండా పని ఒప్పుకోకూడదు. సొంతంగా గిటార్ చేసుకునేవాళ్లు దానిమీద తమ పేరు రాసుకోవాలి.

మా కుర్రాడి గిటార్ మీది స్టిక్కర్ ఆ రోజే తీసేశాం. కింద మిగిలిన అక్షరాలను వాడే మెత్తటి గుడ్డతో తుడిచి, కూడబలుక్కుంటూ చదివాడు.

- ఒక గిటార్ మాస్టారు, విశాఖపట్నం