కల్యాణ మండపాల్లో కరెంటు వైద్యం

సంపాదకుడు గారికి నమస్కారం.

పెళ్లిళ్ల సీజను అయిపోగానే మా పలాస–కాశీబుగ్గ వైపు కల్యాణ మండపాల్లో ఇంకో సందడి మొదలవుతుంది. ‘ఉచిత కరెంటు థెరపీ! మోకాళ్ల నొప్పులు, నడుం నొప్పి, తిమ్మిర్లు, షుగరు, పక్షవాతం... మందుల్లేకుండా నయం’ అంటూ ఆటోకి మైకు కట్టి ఊరంతా తిప్పుతారు. వచ్చినవాళ్లకి టోకెన్లిచ్చి, వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టి, పాదాల కింద పలక పెట్టి కరెంటు ఇస్తారు. కొన్నాళ్లు అంతా ఉచితమే. ఆలోగా ‘అమ్మా, పెద్దమ్మా, బాబాయ్’ అని వరసలు కలిపేస్తారు. మిషను అమ్మకం ఆ తర్వాత మొదలవుతుంది. ఒకటో తారీఖున అందుకున్న పింఛను అడ్వాన్సు కింద వాళ్ల చేతిలో పెట్టి, మిగతాది వాయిదాల్లో కట్టే ముసలివాళ్లు ఉన్నారు.

నేను ఫిజియోథెరపీ చేసుకుని బతుకుతున్నవాణ్ణి. గిరాకీ పోతుందని ఏడుస్తున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి.

కరెంటుతో నొప్పి తగ్గించడం బూటకమని నేననను. దెబ్బ తగిలిన చోట గబుక్కున రుద్దుకుంటే కాస్త ఉపశమనం ఎందుకు ఉంటుందో 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతంతో వివరించారు. స్పర్శను మోసే లావు నరాలు చురుగ్గా ఉంటే, సన్న నరాల మీదుగా వచ్చే నొప్పి కబురుకు వెన్నుపాము దగ్గరే అడ్డు పడుతుందన్నారు. చర్మం మీదుగా నరాలకు కరెంటు అందించే ‘టెన్స్’ మిషను చేసే పని ఇదే. చర్మానికి అంటించిన ప్యాడ్ల గుండా సెకనుకు 80 నుంచి 100 సార్లు సన్నటి కరెంటు పంపిస్తే, అక్కడ జుమ్ముమంటూ నొప్పి మరుగున పడుతుంది. సెకనుకు రెండు నుంచి నాలుగు సార్ల చొప్పున కాస్త గట్టిగా ఇస్తే కండరం అదురుతుంది, శరీరం తనలోని నొప్పి నివారకాలను తానే విడుదల చేస్తుంది.

అయితే ఈ ఉపశమనం ఎక్కువగా మిషను ఆన్‌లో ఉన్నంతసేపూ, తీసేశాక కొద్దిసేపూ మాత్రమే. రోగుల మీద జరిపిన 381 పరీక్షల ఫలితాలను కలిపి చూసిన 2022 నాటి సమీక్ష కూడా మిషను నడుస్తున్నప్పుడూ, తీసేసిన వెంటనే నొప్పి తగ్గుతుందనే చెప్పింది. నెలసరి నొప్పికి బాగానే పనికొస్తుంది. నడుం నొప్పి దగ్గరికొచ్చేసరికి, దీన్ని ఇవ్వొద్దని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2016లో చెప్పాయి. దీర్ఘకాలిక నడుం నొప్పికి టెన్స్ ఖర్చు భరించడం అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ 2012లోనే మానుకుంది. నేను మాత్రం రోగి లేచి వ్యాయామం చేయగలిగేంత వెసులుబాటు కోసం దీన్ని వాడతాను. అంతకుమించి ఆశ పెట్టను. ఇక షుగరు, పక్షవాతం నయమవుతాయనడం పచ్చి అబద్ధం.

అన్నిటికన్నా భయపెట్టేది ఆ పాదాల పలక. చాలాకాలంగా షుగరు ఉన్నవాళ్లలో ఎందరికో అరికాళ్లలో స్పర్శ ఉండదు. కరెంటు ఎంత పెంచారో తెలియదు, కాలినా తెలియదు, పుండు పడ్డాక గానీ చూసుకోరు. గుండెకు పేస్‌మేకర్ ఉందా, మూర్ఛ ఉందా, కడుపుతో ఉన్నారా అని టోకెను ఇచ్చేటప్పుడు ఒక్కరూ అడగరు. మిషను కొన్నాం కదా అని షుగరు మాత్రలు మానేస్తే జరిగే నష్టం వేరే.

1954 నాటి అభ్యంతరకర ప్రకటనల నిషేధ చట్టం జాబితాలో మధుమేహం, పక్షవాతం, కీళ్లవాతం ఉన్నాయి. వాటిని నయం చేస్తామని ప్రకటించడం నేరం. మందు అనే మాటకు ఆ చట్టమిచ్చిన నిర్వచనంలోకి ఇలాంటి పరికరాలూ వస్తాయి. మైకు వీధిలోనే మోగుతున్నా ఔషధ నియంత్రణ అధికారులకు వినిపించడం లేదు.

జనం ఎందుకు ఎగబడుతున్నారో కూడా చూడాలి. జీడి పరిశ్రమలో రోజంతా కూర్చుని పప్పు తీసే ఆడవాళ్లకు మెడ, నడుం పట్టేస్తాయి. సాయంత్రానికి ఆర్‌ఎంపీ దగ్గర నొప్పికి ఒక డైక్లోఫెనాక్ ఇంజెక్షన్, పొద్దున్నే చేతిలో రెండు మాత్రలు. ఇది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం. ఇక్కడి కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. కారణం ఏదైనా, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు ఈ నొప్పి మందులు వాడకూడదని ఏ వైద్యుణ్ణి అడిగినా చెబుతారు. మందు లేకుండా కాసేపైనా నొప్పి తగ్గించే సాధనం తెలుగు నేల మీద అందరికన్నా మా వాళ్లకే ఎక్కువ అవసరం. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు, సంతోషం. అక్కడా, సోంపేట, కవిటి, మందస ప్రభుత్వ ఆస్పత్రుల్లోనూ ఫిజియోథెరపిస్టు రోజూ అందుబాటులో ఉండాలి. టెన్స్ మిషను రెండు మూడు వేల రూపాయలకు దొరుకుతుంది. బడ్జెట్ లేదనడానికి వీల్లేని వస్తువు ఇది.

ఈలోగా మునిసిపల్ కమిషనర్ గారు ఒక పని చేయొచ్చు. ఏ మండపంలోనైనా వైద్య శిబిరం పెట్టాలంటే అక్కడ కూర్చునే వైద్యుడి లేదా ఫిజియోథెరపిస్టు పేరు, అర్హత పత్రాలు, మిషను తయారీ లైసెన్సు వివరాలు జిల్లా వైద్యాధికారికి ముందే ఇవ్వాలని, అవి లేకుండా హాలు అద్దెకిచ్చిన యజమానిపైనా చర్య తప్పదని నోటీసు ఇస్తే చాలు.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా