రేటు సరే, బొమ్మ ఎక్కడ చూడాలి?

సంపాదకులు గారికి,

2025 సెప్టెంబరులో చిత్రకారుడు గాయ్‌తోండే బొమ్మ ఢిల్లీ వేలంలో 67 కోట్లు పలికిందని వార్తలొచ్చాయి. 2013లో ముంబైలో ఆయనదే ఇంకో బొమ్మ 23 కోట్ల పైచిలుకు పలికినప్పుడూ ఇదే వరస. రేటు రాస్తారు, రికార్డు అంటారు, తపాలాబిళ్లంత ఫొటో వేసి ఊరుకుంటారు. అది చూసినవాళ్లు ‘ఈ మరకలకా ఇన్ని కోట్లు, మా బుడ్డోడూ వేస్తాడు’ అనుకోక ఏం చేస్తారు చెప్పండి?

వాసుదేవ్ గాయ్‌తోండే 1924లో నాగపూర్‌లో పుట్టి, ముంబై జేజే ఆర్ట్ స్కూల్లో చదువుకుని, తర్వాత ఢిల్లీ నిజాముద్దీన్‌లో మేడమీది చిన్న గదిలో ఒంటరిగా బతికారు. ఏడాదికి ఐదారు బొమ్మలు, అంతే. బ్రష్ కన్నా రోలరు, ప్యాలెట్ నైఫ్ (రంగు పూసే, గీకే చిన్న కత్తి) ఎక్కువ వాడేవారు. పల్చటి నూనెరంగు ఒక పొర వేయడం, గీకేయడం, మళ్లీ ఇంకో పొర, తడి ఆరకముందే కాగితం ముక్కలు అద్ది కొంత రంగు లాగేయడం, ఇలా చేయగా చేయగా అడుగు రంగు పైరంగులోంచి తొంగిచూసేది, అందుకే ఆ పసుపులు, ఎరుపులు లోపల దీపం పెట్టినట్టుంటాయి. ఫోన్లో అది తెలియదు, ఎదురుగా నిలబడాల్సిందే. 1984లో ప్రమాదం జరిగి కొన్నేళ్లు బొమ్మ ముట్టలేదు. 2001లో పోయారు. ఈ కోట్లన్నీ ఆ తర్వాతి మాటే, ఆయన చేతికి వచ్చిందేం లేదు.

సరే, ఎదురుగా నిలబడాలంటే ఎక్కడికెళ్లాలి? కేంద్రం నడిపే జాతీయ ఆధునిక కళా గ్యాలరీ ఢిల్లీ, ముంబై, బెంగళూరుల్లో ఉంది. హైదరాబాద్‌లో లేదు, విజయవాడ, విశాఖల్లోనూ లేదు. మన చిత్రకారుడు పీటీ రెడ్డి గారు కరీంనగర్ వైపు అన్నారంలో పుట్టి అదే జేజేలో చదివి, తాంత్రిక చిహ్నాలతో అంత పని చేస్తే, ఆ పేరు ఫైన్ ఆర్ట్స్ కాలేజీ గేటు దాటి వినపడదు!

కొత్త బిల్డింగే కావాలని కాదు. బెంగళూరులో పాత మాణిక్యవేలు బంగళాని బాగుచేసి 2009లో గ్యాలరీ తెరిచారు. హైదరాబాద్‌లో పాత బంగళాలకేం కరువు? రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఢిల్లీని గట్టిగా అడగాలి, మన ఎంపీలు కూడా ఒకసారి సభలో నోరు విప్పొచ్చు.

ఈలోగా మీరైనా ఆదివారం అనుబంధంలో నెలకో బొమ్మ పేజీ నిండా, రంగుల్లో వేయండి, దాని సైజెంతో, ఎక్కడ చూడొచ్చో కింద రాయండి. సినిమా స్టిల్స్‌కి ఇచ్చే జాగాలో సగం చాలు.

– ఒక పాఠకుడు, హనుమకొండ