టర్న్‌టేబుళ్ల బేరం గురించి తమ్ముడికి

లండన్

తమ్ముడూ,

ఇక్కడ మేమంతా క్షేమం. బావ వచ్చే నెల ఊరికి వస్తున్నారు కదా, ఆలోగా నువ్వు అడిగిన పాత టర్న్‌టేబుళ్ల (రికార్డులు తిప్పే యంత్రాల) జత ఇక్కడ చూస్తాం.

టెక్నిక్స్ ఎస్‌ఎల్‌-1210 ఎంకే2 అయితే మేలు. 1979లో వచ్చిన 1200 ఎంకే2కి ఇది నల్లరంగు రూపం. బెల్టు ఉండదు, రికార్డు పెట్టే పళ్లాన్ని మోటారే నేరుగా తిప్పుతుంది. వేలితో ఆపి వదిలినా చటుక్కున వేగం అందుకుంటుంది. బెల్టువి ఎంత చవకగా వచ్చినా స్క్రాచింగ్‌కి, అంటే రికార్డును చేత్తో ముందుకీ వెనక్కీ ఆడించి శబ్దం తీయడానికి, వద్దు.

పైన గీతలున్నా, మూత పగిలినా నాకు అభ్యంతరం లేదు. అవే చూపించి ధర తగ్గించమని అడుగుతాం. అసలు చూడాల్సింది టోన్‌ఆర్మ్, అంటే సూదిని మోసే చెయ్యి. వెనక బరువు తిప్పి, యాంటీ-స్కేట్ (ఆర్మ్ లోపలికి జారకుండా ఆపే మీట) సున్నాలో పెట్టి, ఆర్మ్ గాల్లో సమంగా తేలేలా చేయాలి. మెల్లగా ఊదితే ఎక్కడా పట్టేయకుండా జరగాలి. బేరింగు దగ్గర పట్టుకుని కదిపితే టక్కుమని ఆడిందా, ఆ యంత్రం వదిలేయడమే. దాని మరమ్మతు ఖర్చు తగ్గించిన ధరను మింగేస్తుంది.

తర్వాత పిచ్, అంటే తిరిగే వేగాన్ని మార్చే స్లయిడర్. దాన్ని మధ్యలో పెడితే, పక్కనున్న దీపం వెలుగులో పళ్లెం అంచున పెద్ద చుక్కల వరుస కదలనట్టు కనబడాలి. సున్నాకు అటూ ఇటూ కొంచెం దూరం వేగం మారనట్టుంటుంది, అది తయారీలోనే ఉన్న గుణం. ఆపైన వేగం తనంతట తాను తూలితే స్లయిడర్‌లో మురికి చేరి ఉంటుంది. దానికి శుభ్రం చేస్తే చాలు, కానీ బేరంలో పనికొస్తుంది.

ఒక పక్క స్పీకరు మూగబోతే హెడ్‌షెల్‌ను (ఆర్మ్ కొసన కార్ట్రిడ్జి, అంటే సూది ఉన్న డబ్బీ, బిగించే భాగాన్ని) రెండో టర్న్‌టేబుల్‌కు మార్చి చూడాలి. లోపం దాంతోపాటు వెళ్తే కార్ట్రిడ్జిది, ఉన్నచోటే ఉంటే మిక్సర్‌కు వెళ్లే ఆర్‌సీఏ వైరుది లేదా ఆర్మ్ లోపలి తీగలది. షూర్ ఎం44-7 కార్ట్రిడ్జి ఉందని ధర పెంచితే ఒప్పుకోకు. ఆ కంపెనీ 2018లోనే కార్ట్రిడ్జిలు ఆపేసింది, అసలు సూది అరిగితే కొత్తది దొరకడం కష్టం.

వోల్టేజీ రాసిన పట్టీ తప్పక చదవాలి. ఇక్కడివి మన 230 వోల్టులకు సరిపోతాయి, ప్లగ్గు మాత్రం మార్చాలి. జపాన్ నుంచి వచ్చినవి 100 వోల్టులవి. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఇంట్లో పెడితే కాలిపోతాయి.

ఒక్కోటి సుమారు 12 కిలోలు. విమానంలో 23 కిలోల పెట్టెకు ఒకటే లెక్క. పళ్లెంలోని రెండు రంధ్రాల్లో బొటనవేళ్లు పెట్టి పళ్లాన్ని నిలువుగా ఎత్తి విడిగా చుట్టాలి. దాన్ని పైనే ఉంచి పంపితే దారిలో కుదుపులకు నడిమి బేరింగు దెబ్బతింటుంది. హెడ్‌షెల్, వెనక బరువు తీసేసి ఆర్మ్‌ను దాని క్లిప్పుతో కదలకుండా బిగించాలి. కస్టమ్స్ సుంకం కూడా కలిపాకే ఇది చవకో కాదో తేలుతుంది.

ఈలోగా నీ మిక్సర్ (రెండు పాటల శబ్దాన్ని కలిపే పెట్టె) వెనక టర్న్‌టేబుళ్ల కోసం ఉండే ఫోనో సాకెట్లు రెండున్నాయా, ఎర్త్ వైరు బిగించే మర ఉందా చూసి రాయి. లైన్ సాకెట్లో పెడితే శబ్దం పీలగా వస్తుంది, ఎర్త్ లేకపోతే గుయ్యిమంటుంది.

అమ్మకూ నాన్నకూ నమస్కారాలు.

నీ అక్క