పేట బడిని కూల్చే ముందు

ఎడిటర్ గారికి నమస్కారం.

మా పేటలో పాత బడి కూల్చి కమ్యూనిటీ హాలు కడతారట. పిల్లలు తగ్గి ఆ బడి మూతపడి చాలాకాలమైంది. హాలు కావాలి, కాదనను. కూల్చే ముందు ఒక్క మాట వినండి.

నిరుడు మా అమ్మాయి దగ్గరికి వర్జీనియా వెళ్లినప్పుడు ఫార్మ్‌విల్ అనే చిన్న ఊళ్లో మోటన్ హైస్కూలు చూశాను. నల్లజాతి పిల్లల కోసం 1939లో 180 మందికి సరిపడా కట్టిన బడి. 1951కి పిల్లలు 450 దాటారు. కొత్త భవనం అడిగితే తారు కాగితం చుట్టిన షెడ్లు వేసి సరిపెట్టారు. వానొస్తే లోపల కారేది. పొయ్యి పక్కన కూర్చున్నవాళ్లకి ఉడుకు, దూరంగా ఉన్నవాళ్లకి వణుకు. ఆ ఏప్రిల్ 23న బార్బరా జాన్స్ అనే పదహారేళ్ల అమ్మాయి బడి మొత్తాన్ని సమ్మెకి దింపింది. వాళ్ల కేసు, నల్లపిల్లల్ని తెల్లపిల్లల్ని వేరు బడుల్లో ఉంచడాన్ని సవాలు చేసిన బ్రౌన్ కేసుతో కలిసింది. 1954లో అమెరికా సుప్రీంకోర్టు వేరు బడులు చెల్లవంది. కలిపి చదివించడం ఇష్టంలేక ఆ కౌంటీ వాళ్లు 1959లో ప్రభుత్వ బడులన్నిటికీ తాళాలేశారు. తెల్లపిల్లలకి ప్రైవేటు బడి పెట్టుకున్నారు. ప్రభుత్వ బడులు మళ్లీ తెరిచింది 1964లో. ఐదేళ్లు! రెండో తరగతిలో ఆగిన పిల్ల ఏడో తరగతి వయసుకొచ్చేస్తుంది. పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి, అది చదివి అక్కడే బెంచీ మీద కూలబడ్డాను.

ఆ భవనాన్ని వాళ్లు కూల్చలేదు. మ్యూజియం చేశారు.

ఇక మా పేట బడి. మా నాన్న 1938లో చేరింది అందులోనే. ఊరి బడిలో మావాళ్లని అరుగు దాటనిచ్చేవారు కాదు. అందుకని అప్పటి మద్రాసు ప్రభుత్వ లేబర్ డిపార్టుమెంటు పేటలో వేరే బడి పెట్టింది. పెద్దలు ఇప్పటికీ లేబర్ బడి అనే అంటారు. మొదట తాటాకు పాక. వానాకాలం నాన్న పలక నెత్తిన పెట్టుకుని కూర్చునేవాడట. తర్వాత పేట ఆడవాళ్లు ఏటి ఇసుక మోస్తే పెంకుల బడి లేచింది. వేరుగా కూర్చోబెట్టడం అన్యాయమే. అయినా మా నాన్న చేత అఆలు దిద్దించింది ఆ బడే.

అడ్మిషన్ రిజిస్టరు అటక మీద ఉండబట్టి 1986 గోదావరి వరదలో బతికింది. నాన్న పేరుకెదురుగా మా తాత వేలిముద్ర. గట్టిగా నొక్కినట్టున్నాడు, నీలం సిరా అంచులు దాటి అలుక్కుపోయింది. ఆ పేజీలో పైనుంచి కిందిదాకా వేలిముద్రలే, సంతకం ఒక్కటీ లేదు.

ఒక్క గది ఉంచండి. రిజిస్టర్లు స్కాన్ చేయించండి. అక్కడ చదివిన పాతవాళ్లు పేటలో నలుగురే మిగిలారు. వాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డు చేయడం నేను మొదలుపెట్టాను. తొంభై దాటిన ఒక పెద్దమ్మ, పంతులుగారు నేర్పిన వేమన పద్యం గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

రిజిస్టర్లు పాత కాగితాలవాడికి వేసేస్తామంటే అడిగి తెచ్చుకున్నాను. ప్రస్తుతం మా బీరువాలో ఉన్నాయి. భద్రంగా దాచేది ఎవరో చెబితే ఆటో కట్టించుకుని నేనే తెచ్చిస్తాను.

– రిటైర్డ్ సోషల్ మాస్టారు, రాజోలు దగ్గర లంక గ్రామం