జేబులో చిన్న చాకు ఉంటే అనుమానించాలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఫోన్లు, కెమెరాలు, వాచీల గురించి మీ పేపర్లో వచ్చేవి ఇష్టంగా చదువుతుంటాను. కొత్త మోడల్ వస్తే అందులో ఏముందో, ఎవరికి పనికొస్తుందో ఓపిగ్గా రాస్తారు. జేబులో పట్టే చిన్న మడత చాకు గురించి మాత్రం అలా రాసినట్టు నాకు గుర్తులేదు. చాకు ఫొటో పడిందంటే అది నేరవార్త పక్కనే. రోజూ ఇవే చూసీ చూసీ, కవరు చింపుదామని ఎవరైనా జేబులోంచి చాకు తీస్తే పక్కనున్నవాళ్లు బెదిరిపోతున్నారు. చాకుని పనిముట్టుగా ప్రేమించేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు, నేనూ వాళ్లలో ఒకణ్ణి, మా మాట కూడా మీ పాఠకులు వినాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు సైజు సంగతి. మేం వెంట ఉంచుకునేవి పెద్ద కత్తులు కావు. అలుగు, అంటే చాకులో కోసే భాగం, ఐదారు సెంటీమీటర్లుంటే రోజువారీ పనులు దాదాపు అన్నీ అయిపోతాయి, ఎనిమిది దాటితే జేబులో బరువు పెరగడం తప్ప పెద్దగా కలిసొచ్చేదేం లేదని నా అభిప్రాయం. స్విట్జర్లాండ్ చాకుల కంపెనీ విక్టోరినాక్స్ వాళ్ల క్లాసిక్ మోడల్ మడిచినప్పుడు 58 మిల్లీమీటర్లే ఉంటుంది, తాళంచెవుల గుత్తికి తగిలించుకుంటే ఉన్నట్టే తెలీదు, అంతలోనే ఒక అలుగు, కత్తెర, గోళ్ల ఆకురాయి, పట్టకారు, పళ్లపుల్ల అన్నీ ఇమిడ్చారు. పార్సిల్ టేపు కోయడం, కొత్త బట్టల ట్యాగు తీయడం, చొక్కాకి వేలాడే దారం తెంపడం, పెన్సిల్ చెక్కడం, పండు కోసుకోవడం, ఎవరో బిగించేసిన ప్లాస్టిక్ తాడు విప్పడం... చాకు లేనివాళ్లు ఈ పనులకి పళ్లూ గోళ్లూ వాడతారు, లేదంటే తాళంచెవితో గీకుతారు.

ఈ చాకుల పుట్టుక చూసినా అంతా పని గొడవే. స్విట్జర్లాండ్‌లోని ఈబాక్‌లో కార్ల్ ఎల్సెనర్ 1884లో కత్తుల వర్క్‌షాప్ పెట్టాడు, అదే తర్వాత విక్టోరినాక్స్ అయింది, 1891లో స్విస్ సైన్యానికి చాకులు అందించాడు. సైనికుడికి అవి దేనికంటే, తుపాకీ విప్పి శుభ్రం చేసుకోవడానికి ఒక స్క్రూడ్రైవర్, డబ్బా ఆహారం తెరవడానికి ఒక ఓపెనర్ కావాలి. 1897లో ఆయన తెచ్చిన ఆఫీసర్ చాకులో అసలు తెలివంతా స్ప్రింగులో ఉంది. ఒకే స్ప్రింగు పిడికి రెండు వైపులా ఉన్న పరికరాల్ని పట్టి ఉంచుతుంది, కాబట్టి లావు పెరగకుండానే ఎక్కువ పరికరాలు పట్టాయి. ఇంచుమించు అదే కాలంలో, 1890లో, ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ బీచ్ చెక్క పిడితో ఒక అలుగు చాకు చేశాడు. పల్లెజనం రోజూ వాడుకునే చాకు అది. 1897 నుంచి సైజులకి నంబర్లు పెట్టారు, ఎక్కువమంది కొనేది 8వ నంబరు, దాని అలుగు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. అలుగు మూసుకుపోకుండా తిప్పి బిగించే రింగు 1955లో వచ్చింది. అంతే, ఇంకేం లేదు అందులో! చెక్క తడిస్తే ఉబ్బి అలుగు బయటికి రానని మొండికేస్తుంది, ఆరాక మళ్లీ మామూలే, అయినా దాన్ని వదులుకోబుద్ధి కాదు. జపాన్‌లో మికి ఊళ్లో చేసే హిగోనోకామి ఇంకా సాదాది. ఇత్తడి రేకు మడిచి చేసిన పిడి, ఒక అలుగు, దాని వెనక చిన్న తోక. స్ప్రింగు లేదు, లాకు లేదు, ఆ తోక మీద బొటనవేలు నొక్కి పట్టుకుంటేనే అలుగు నిలబడుతుంది. ఒకప్పుడు అక్కడి బడిపిల్లలు దాంతోనే పెన్సిళ్లు చెక్కుకునేవాళ్లు.

ఇష్టం అంటే ఏంటి, కత్తిలో ఇష్టపడేంత ఏముంది అని అడుగుతారు చాలామంది. నాకు అన్నింటికంటే నచ్చేది స్లిప్‌జాయింట్ అనే రకం. దీంట్లో లాకు ఉండదు, పిడి వీపున ఒక బలమైన స్ప్రింగు పట్టీ ఉంటుంది. అలుగు మొదట్లో చదునుగా చెక్కిన భాగం మీద ఆ పట్టీ ఒత్తి కూర్చుంటుంది, తెరిచినప్పుడూ మూసినప్పుడూ టక్‌మని చప్పుడు వస్తుంది, కొన్నిట్లో సగం దూరం దగ్గర కూడా అలుగు ఒకసారి ఆగి వేళ్లకి టైమిస్తుంది. స్ప్రింగు మరీ గట్టిగా ఉంటే గోరు విరుగుతుంది, మరీ వదులైతే అలుగు వేళ్ల మీదికి పడుతుంది. ఈ రెంటికీ మధ్య సరిగ్గా కుదిర్చిన చాకుని చేతిలోకి తీసుకుంటే, చేసినవాడు ఎంత శ్రద్ధ పెట్టాడో ఇట్టే తెలిసిపోతుంది. తెరిచినప్పుడూ మూసినప్పుడూ స్ప్రింగు పిడి వీపుతో సమంగా ఉందా, వెలుతురుకి ఎత్తి చూస్తే రేకుల మధ్య సందు కనబడుతోందా, మూసినప్పుడు మొన పూర్తిగా లోపలికి దిగిందా, నేనైతే ముందు ఇవే చూస్తాను.

పదును పెట్టడం దీనికంటే పెద్ద ఆనందం, మీ పాఠకులకి పనికొచ్చేది కూడా ఇదే. వెయ్యి గ్రిట్ (రాయి ఎంత నునుపో చెప్పే లెక్క) సానరాయి ఒకటి, పాత తోలు బెల్టు ముక్క ఒకటి ఉంటే చాలు. రాయి తడిపి, అలుగుని పదిహేను, ఇరవై డిగ్రీల మధ్య వాల్చి, ఆ వాలు మారకుండా ఒక వైపు నూరాలి. ఎప్పటిదాకా అంటే, అవతలి వైపు అంచు మీద బొటనవేలు అడ్డంగా, మెల్లగా జరిపితే సన్నని గరుకు తగిలేదాకా. ఆ గరుకు అలుగు మొదలు నుంచి మొన వరకూ తగిలితే అప్పుడు రెండో వైపు. చివర్లో తోలు మీద అలుగుని వెనక్కి లాగుతుంటే ఆ గరుకు రాలిపోయి, కాగితం చప్పుడు లేకుండా తెగుతుంది. కొత్తవాళ్లు వేగంగా నూరితే పదునెక్కుతుందనుకుంటారు, వాలు మారకపోవడమే ముఖ్యం. మరీ గట్టి ఉక్కు కొనమని కూడా నేను చెప్పను. గట్టి ఉక్కుకి పదును ఎక్కువకాలం నిలుస్తుంది, నిజమే, పోయిందంటే మళ్లీ తెచ్చుకోవడానికి చేతులు పడిపోతాయి. స్విస్ చాకుల మెత్తటి ఉక్కు కొంచెం నూరితే చాలు, దారికొస్తుంది. కార్బన్ ఉక్కయితే తడి తుడవకపోతే తుప్పు పడుతుంది, వాడేకొద్దీ బూడిదరంగు, నీలం మరకలు వస్తాయి, అవి తుప్పు కాదు, గోకేయకండి. మొద్దు చాకుతోనే చేయి తెగేది ఎక్కువ, ఎందుకంటే అది తెగక మనం బలం పెడతాం, అప్పుడు జారుతుంది.

వెంట పెట్టుకునేవాడికి బాధ్యత లేదా అంటే ఉంది, చాలా ఉంది. విమానంలోకి చేతిసంచిలో తీసుకెళ్లకూడదు, బడికీ కోర్టుకీ తీసుకెళ్లకూడదు. పది మందిలో చాకు తీయాల్సి వస్తే పక్కవాళ్లకి ముందే చెప్పి తీయాలి, ఇంకొకరికిచ్చేటప్పుడు మూసి ఇవ్వాలి, ఎవరినైనా భయపెట్టడానికి తీసినవాడిని మాలో ఎవరూ వెనకేసుకురారు. చట్టాలు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉన్నాయి. బ్రిటన్‌లో లాకు పడని మడత చాకు, అంచు మూడంగుళాలు మించకపోతే, కారణం చెప్పకుండానే వెంట ఉంచుకోవచ్చు, లాకు పడేదైతే ఎంత చిన్నదైనా సరైన కారణం ఉండాలి. పనిముట్టుకీ ఆయుధానికీ ఎక్కడో ఒక గీత గీయడానికి ప్రయత్నించారు కదా, అది నాకు నచ్చింది. అమెరికాలో 2013లో ఆరు సెంటీమీటర్ల లోపు చాకుల్ని విమానాల్లోకి అనుమతిస్తామని ప్రకటించి, విమాన సిబ్బంది గట్టిగా వ్యతిరేకించాక కొన్ని నెలల్లోనే వెనక్కి తీసుకున్నారు. ఇరుకు క్యాబిన్‌లో పనిచేసేవాళ్ల భయాన్ని నేను కాదనలేను. కానీ 2024లో విక్టోరినాక్స్ కంపెనీయే అలుగు లేని పరికరాల మీద పనిచేస్తున్నామని చెప్పినప్పుడు మాత్రం మనసు చివుక్కుమంది. నిబంధనలు బిగుస్తుంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు.

మీకు నా విన్నపం రెండే. నేరవార్త రాసేటప్పుడు ఊరికే కత్తి అని వదిలేయకుండా అది ఏ రకమో, ఎంత పొడవో తెలిస్తే రాయండి. వేటకత్తికీ, వంటింటి కత్తికీ, జేబు చాకుకీ తేడా చదివేవాళ్లకి తెలియాలి. రెండోది, మీ ఆదివారం పేజీల్లో ఒక్కసారి చాకు ఎలా ఎంచుకోవాలో, ఎలా నూరుకోవాలో, కీలులో చేరిన దుమ్ము తీసి నూనె చుక్క ఎలా వేయాలో బొమ్మలతో వేయండి. మాటల్లో చెబితే అలుగు వాలు సంగతి సగమే అర్థమవుతుంది, బొమ్మలు మాత్రం తప్పకుండా ఉండాలి.

ఇట్లు,
మీ పాఠకుడు