మాతో రాజీనామా రాయించుకున్నారు, మంత్రిగారూ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

నమస్కారమమ్మా. మీకు తెలుగు వచ్చు కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. ఇంగ్లీషులో రాయించి రెండు చోట్ల ఇచ్చిన అర్జీలకు స్టాంపు పడింది గానీ జవాబు రాలేదు.

హన్మకొండలో ఒక కార్ల షోరూమ్‌లో 11 ఏళ్లు సేల్స్‌లో పనిచేశాను. ఈ 2019 ఆగస్టు మొదటి వారంలో ఒక సాయంత్రం మమ్మల్ని 14 మందిని లోపలికి పిలిచారు. కాగితాలు ముందే టైపు చేసి పెట్టారు. ‘వ్యక్తిగత కారణాలతో రాజీనామా చేస్తున్నాను’ అని ఉంది. సంతకం పెడితేనే ఆ నెల జీతం, ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇస్తామన్నారు. పిల్లల స్కూలు ఫీజులు కట్టాల్సిన రోజులవి. అందరం పెట్టాం. బండ్లు కడిగే అబ్బాయికి చదువు రాదు, వేలిముద్ర వేయించారు. బయటికొచ్చాక “అన్నా, ఏం రాసిండ్రు దాంట్లె?” అని నన్ను అడిగాడు.

ఓనరు కష్టం కూడా నాకు తెలుసు. యార్డులో ఉన్న ప్రతి బండీ బ్యాంకు అప్పుతో తెచ్చిందే. అమ్ముడుపోయినా పోకున్నా వడ్డీ ఆగదు. జులైలో దేశమంతటా ప్యాసింజర్ బండ్ల అమ్మకాలు దాదాపు 31 శాతం పడిపోయాయి. మా దగ్గరైతే అడిగేవాళ్లు ఉన్నారు, లోన్ ఇచ్చేవాళ్లే లేరు. నర్సంపేట నుంచో పరకాల నుంచో వచ్చే పత్తి రైతు జీతం స్లిప్పు ఎక్కడ తెస్తాడు? ఒకప్పుడు పట్టాదారు పాస్‌బుక్కు చూసి, ఊళ్లో విచారించి ఇచ్చేవాళ్లు. నిరుడు ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే పెద్ద ఫైనాన్స్ కంపెనీ మునిగాక ఫైనాన్స్ కంపెనీలు భయపడిపోయాయి. డౌన్ పేమెంట్ డబ్బు రుమాలులో కట్టుకొని వచ్చినవాళ్లను నేనే వెనక్కి పంపాను.

ఆగస్టు 23న మీరు చెప్పినవన్నీ చదివాను. వచ్చే మార్చి 31 లోపు కొన్న బీఎస్-4 బండ్లు, అంటే పాత కాలుష్య ప్రమాణాల బండ్లు, రిజిస్ట్రేషన్ గడువంతా తిరగొచ్చన్నారు, ప్రభుత్వ శాఖలు కొత్త బండ్లు కొనొచ్చన్నారు. సెప్టెంబర్ 20న కంపెనీల పన్ను 22 శాతానికి దించారు. అదే రోజు గోవాలో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశంలో కార్ల జీఎస్టీ మాత్రం 28 శాతం దగ్గరే ఉండిపోయింది. సరే. వీటిలో ఉద్యోగం పోయినవాడికి పనికొచ్చే మాట ఒక్కటీ నాకు కనిపించలేదు. మూడు నెలల్లో 2 లక్షల మంది రోడ్డున పడ్డారని డీలర్ల సమాఖ్యే చెప్పింది కదమ్మా.

ఈఎస్ఐ బీమా ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే కొన్నాళ్లు డబ్బు ఇచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన ఉందని ఎవరో చెప్పారు. నా జీతం ఈఎస్ఐ పరిమితి 21,000 దాటింది, నాకు రాదు. కానీ ఆ 14 మందిలో 9 మందికి నెలనెలా ఈఎస్ఐ కట్ అయ్యేది. 90 రోజుల పాటు జీతంలో పావు వంతు అంటే వాళ్లకు ఇంటి కిరాయి. కాగితాలు పట్టుకొని ఈఎస్ఐ ఆఫీసుకు వెళ్తే, “మీరే రాజీనామా చేశారు కదా” అన్నారు. యజమాని ధ్రువీకరణ తెమ్మన్నారు. రాజీనామా రాయించుకున్నవాళ్లు, పని నుంచి మేమే తీసేశాం అని సంతకం పెడతారా? మూడుసార్లు తిరిగాం. మూడోసారికి ఆర్టీసీ సమ్మె మొదలైంది. జనగామ నుంచి వచ్చే మెకానిక్ ఆటోలూ జీపులూ మారి వచ్చాడు. ఆ రోజు అధికారి సెలవు.

దసరా రోజు భద్రకాళి గుడి దగ్గర కొత్త బండ్లకు పూజ చేయించి తాళాలు చేతికివ్వడం 11 ఏళ్లుగా నా పని. ఈసారి ఇంట్లోంచి బయటికి వెళ్లలేకపోయాను.

ఇది కార్మిక శాఖ చూడాల్సిందని మీరు అనవచ్చు. ఏ శాఖ అయినా మాకు ఒకటేనమ్మా, మీరు చెబితే వాళ్లు వింటారు. పీఎఫ్ జమ ఏ నెలలో ఆగిందో చూడమనండి. ఒకే షోరూమ్‌లో 14 మందికి ఒకే రోజున వ్యక్తిగత కారణాలు రావు. అలాంటి రాజీనామాలను ఉద్యోగం పోయినట్టుగానే లెక్కగట్టండి. యజమాని సంతకం లేకుండా ఆ డబ్బు ఇప్పించండి. రైతుకు లోన్ దొరికేలా చూడండి, బండ్లు కదిలితే మమ్మల్ని మళ్లీ పిలుస్తారు.

ఆ 9 మంది కాగితాల జిరాక్సులు నా దగ్గర ఉన్నాయి. ఎక్కడికి తెమ్మంటే అక్కడికి తెస్తాను.

ఇట్లు,
షోరూమ్ సేల్స్ మాజీ ఉద్యోగి,
హన్మకొండ, నవంబర్ 2019